బీట సప్పుడు

ఫ్రిజ్ తలుపుల గుడ్లు పెట్టే గుంతలున్నయి.
ఇప్పుడు గుడ్లు లేవు.
ఒకదాంట్ల పిల్లి ఇన్సులిన్,
ఒకదాంట్ల బాపుకు తెల్లకణాలు పెరగడానికిచ్చిన సూది,
మూడోదాంట్ల సగం కోసిన నిమ్మకాయ,
వాంతి వచ్చినప్పుడు వాసన చూసేటందుకు.

పొద్దుగాల ఏడుకు రెండు యూనిట్లు, రాత్రి ఏడుకు రెండు.
పిల్లికి షుగరేందిరా అని
రైల్వే కాలనీ అంతా నవ్వింది.
మెడికల్ షాపు సారంగపాణి
చీటీ మీద పేరు చదివి కళ్లద్దాలు తుడుచుకున్నడు:
పేషెంటు, గార్డు. వయసు, పదకొండు.

గార్డు అని పెట్టింది బాపే.
తెల్ల ఒళ్లు, మెడకింద నల్లటి టై,
అందరికంటె ఆఖర్న నడుస్తదని.
రిటైరైన నాడు యార్డు నుంచి
పూలదండ, గోడగడియారం,
టిఫిన్ సంచిల ఇది, మూడు తెచ్చిండు.
గడియారం ఎన్నడో ఆగింది.

ముప్పై నాలుగేండ్లు బాపు పని ఒక్కటే.
కాజీపేటల బండి ఆగంగనే
పొడుగు కట్టె సుత్తెతో
చక్రం చక్రానికీ ఒక దెబ్బ.
ఖంగుమంటే పోనీ.
బొంగురు పలికితే లోపల బీట.
కంటికి కానరానిది చెవికి చిక్కేది.
చలికాలం అర్ధరాత్రి కూడా
మఫ్లర్ చెవుల మీదికి రానిచ్చేటోడు కాదు.

ఎంజీఎంల డాక్టరు
కడుపు మీద వేళ్లు పెట్టి తట్టినప్పుడు
బాపు ఆయన మొఖం చూడలే, సప్పుడు ఇన్నడు.
బయటికొచ్చినంక సైకిల్ స్టాండ్ కాడ
"నాకు ఉగాదికే ఇనబడ్డదిరా" అన్నడు.
గంతే.
చెరుకురసం తాగుదామన్నడు.

ఇరవై ఒక్క రోజులకోసారి పట్నం, తెల్లారగట్ల బండి.
నా జిరాక్సు దుకాణం షట్టరు మీద
సుద్దముక్కతో "రేపు వస్త" అని రాసి పోత.
ఊరోళ్లయి ఎన్ని కాపీలు తీసిన్నో,
పాసుబుక్కులు, పహాణీలు, మేక చచ్చిపోయిందన్న పంచనామాలు.
బాపు రిపోర్టు తీసేటప్పుడు మాత్రం
అద్దం మీద బోర్లేసి, మూత ఎత్తి,
రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసిన,
కాపీల ఏమన్న తగ్గిందా అని.

ఎండాకాలం కరెంటు పోతే
ఇన్సులిన్ సీసా రంజన్ పక్కన తడిగుడ్డల.
బాపు ఆ గుడ్డ మీద నీళ్లు చిలకరించుకుంట కూసుంటడు,
తన గట్క చల్లారినా పట్టదు.
ఆయన ఎంటికెలు, దాని బొచ్చు
ఒక్కటే దిండు మీద.
ఊడ్చేటప్పుడు ఏది ఎవరిదో నేను చూడను.

నాలుగో కీమో అయిన రాత్రి
బాపు బకెట్ మీద వంగి ఉన్నడు.
బీరువ కింద గార్డు కాళ్లు కొట్టుకుంటున్నది.
ఒక చేతిల తువ్వాల, ఒక చేతిల గ్లూకోజు డబ్బా,
ఎటు పోవాల్నో తెలువక నడుమ నిలబడ్డ.
నిజం చెప్తున్న, ఆ ఒక్క నిమిషం
రెండూ అయిపోతే పండుకోవచ్చు అనుకున్న.
ఎవరికీ చెప్పలే. ఇక్కడ రాస్తున్న.

బకెట్లకెళ్లి తల ఎత్తకుండనే బాపు
"మొదలు దాన్ని చూడు,
సిగ్నల్ కాడ ఆగుడు నాకు అలవాటే" అన్నడు.
తడిపిన గ్లూకోజు దాని చిగుళ్లకు రాసిన.
వేలు కొరికింది.
కొరికినందుకు ఏడ్చిన.

ఇప్పుడు సూది బాపే ఏస్తడు,
మెడ మీది తోలు రెండు వేళ్లతో ఎత్తి.
చాయ కప్పు పట్టుకుంటే వణికే చెయ్యి
ఆ ఒక్క పనికి వణకది.
ముందుగాల చెంచతో స్టీలు గ్లాసు మీద ఒక దెబ్బ.
ఏ గోడ మీదున్నా ఆ సప్పుడుకు దిగొస్తది గార్డు.

నిన్న పొద్దుగాల కొట్టిండు. రాలే.
మళ్లీ కొట్టిండు.
గ్లాసు చెవి కాడ పెట్టుకుని కండ్లు మూసుకున్నడు.
"ఇది బొంగురు పోయింది, వేరేది తే" అన్నడు.

అర మీద ఉన్నయన్నీ ఆ సెట్టువే.
అయినా ఒకటి తుడిచి
ఆయన చేతిల పెట్టిన.